ఆర్‌సీఎం గుళ్ళో పవిత్ర వారం: బాప్టిస్ట్ ఇంటి నుంచి వచ్చిన కోడలికి నా జవాబు

అమ్మా, మీ ప్రశ్న మొత్తం చదివాను. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. ఈవిడ బాప్టిస్ట్ ఇంట్లో పుట్టి పెరిగారు, గుంటూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబంలోకి కోడలిగా వెళ్ళారు. పోయినేడు గుడ్‌ఫ్రైడేకి అత్తగారితో గుడికెళ్తే విగ్రహాలకి ఊదారంగు గుడ్డలు కప్పున్నాయి, ఫాదర్‌గారు ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి నేల మీద బోర్లా పడుకున్నారు, జనం లైన్లో వెళ్ళి సిలువని ముద్దు పెట్టుకున్నారు, ఏడు మాటల ప్రసంగం అసలు లేదు, పైగా "ఈరోజు పూజ లేదమ్మా" అన్న అత్తగారే వెళ్ళి సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా పంచే అప్పం) తీసుకున్నారు. ఇందులో ఏది రూలు, ఏది అలవాటు, ఈసారి నేనేం చెయ్యాలి, ఏం చెయ్యకపోయినా పర్లేదు అని అడిగారు.

నా గురించి ఒక్క మాట. మా నాన్న ఉపదేశి (ఊళ్ళో ప్రార్థనలు, బోధ చూసుకునేవాడు), నేను పెరిగింది సాక్రిస్టీలోనే (గుళ్ళో వస్త్రాలు, సామాన్లు ఉంచే గది) అంటే అబద్ధం కాదు, తర్వాత పూజలో ఫాదర్‌కి సాయంచేసే ఆల్టర్ బాయ్స్‌ని తయారుచేసే పని నెత్తిన పడింది, ఇప్పుడు మా విచారణలో (ప్యారిష్‌లో) లిటర్జీ టీమ్ చూసుకుంటున్నా. ఫాదర్‌ని కాదు, సెమినరీలో చదివినవాణ్ణీ కాదు, కాబట్టి సిద్ధాంతం మీద వాదనల్లోకి నన్ను లాగొద్దు. ఏ గుడ్డ ఎప్పుడు కప్పాలి, ఏ గంట ఎప్పుడు ఆపాలి అంటే మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తా.

ముందు ఒక తేడా పట్టుకోండి, దాంతో సగం సందేహాలు తీరిపోతాయి. మా దగ్గర జరిగేవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి లిటర్జీ, అంటే లోకమంతా ఒకే పుస్తకం ప్రకారం జరిగే సంఘ ఆరాధన: దివ్యబలిపూజ (మేం ఉత్తగా పూజ అనేది దీన్నే, ఇంగ్లిష్‌లో మాస్), జ్ఞానస్నానం (బాప్తిస్మం), గుడ్‌ఫ్రైడే మధ్యాహ్నం జరిగేది, శనివారం రాత్రి జాగరణ. రెండోది భక్తి క్రియలు: జపమాల, సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారిని 14 చోట్ల ఆగుతూ ధ్యానించడం), నవదిన ప్రార్థనలు, గుణదలలో ఫిబ్రవరి 9, 10, 11 తారీఖుల్లో తలనీలాలివ్వడం, కొబ్బరికాయలు కొట్టడం, ఇట్లాంటివన్నీ. రెండో రకం మంచివే, మా ప్రాణం వాటిలోనే ఉంటుంది, కానీ ఏదీ కంపల్సరీ కాదు. మీకు జపమాల రాకపోతే, సిలువ మార్గంలో నడవబుద్ధి కాకపోతే ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టడానికి లేదు. 1963లో వాటికన్ రెండో మహాసభ లిటర్జీ మీద పత్రం ఇచ్చినప్పుడు ఇదే చెప్పింది, భక్తి క్రియలు లిటర్జీలోంచి పుట్టినట్టుండాలి, జనాన్ని మళ్ళీ దాని దగ్గరికే తీసుకెళ్ళాలి, ఎందుకంటే లిటర్జీ వాటన్నిటికంటే పైది అని. మా ఊళ్ళల్లో వాస్తవంగా జరిగేది దీనికి తలకిందులు అనుకోండి, దాని సంగతి కింద చెప్తా.

ఇప్పుడు మీకో ఆశ్చర్యం. మీరు చిన్నప్పట్నించీ గుడ్‌ఫ్రైడే అంటే పన్నెండు నుంచి మూడింటి దాకా సిలువ మీద పలికిన ఏడు మాటలు, మాటకో బోధకుడు, మధ్యలో పాటలు, అదే అసలైన ఆరాధన అనుకున్నారు కదా. ఆ మూడు గంటల ధ్యానం మొదలెట్టింది కాథలిక్కులే. పెరూ దేశంలో లీమా పట్నంలో అలోన్సో మెస్సియా అనే జెస్విట్ (యేసు సభ) గురువు మొదలెట్టాడు, 18వ శతాబ్దంలో అది రోముకి పాకింది, తర్వాత ప్రొటెస్టెంట్ సంఘాలు తీసుకుని తమ సొంతం చేసుకున్నాయి. అంటే మీ పుట్టింటివాళ్ళు జెస్విట్ భక్తిని కాపాడుతున్నారు, మీ అత్తింటివాళ్ళు దాన్ని వదిలేసి అంతకంటే పాతది చేస్తున్నారు. ఈ ముక్క మీ నాన్నగారికి చెప్పి చూడండి, ఏమంటారో నాకూ వినాలనుంది.

సిలువ మార్గం గురించి కూడా అడిగారు, "వెరోనికమ్మ బైబిల్లో ఎక్కడుంది" అని. లేదమ్మా. 14 స్థలాల్లో మూడుసార్లు కిందపడటం, తల్లిని కలవడం, వెరోనికమ్మ ముఖం తుడవడం, ఈ ఐదూ సువార్తల్లో లేవు. జెరూసలేంలో యాత్రికులు ఆ వీధుల్లో నడుస్తూ ఆగి ప్రార్థించిన చోట్లు అవి, అక్కడి పుణ్యక్షేత్రాల్ని చూసుకునే ఫ్రాన్సిస్కన్ సభ సన్యాసులు యూరప్‌కి తీసుకొచ్చి గుళ్ళల్లో పెట్టించారు, ఎక్కువ తక్కువ లేకుండా 14 అని ఖాయం చేసింది 1731లో 12వ క్లెమెంట్ పోపుగారు. మీకు మరీ ఇబ్బందిగా ఉంటే 1991 గుడ్‌ఫ్రైడే నాడు రెండో జాన్‌పాల్ పోపుగారు రోములో కొలోసియం దగ్గర పూర్తిగా సువార్తల్లోంచే తీసుకున్న 14 స్థలాలతో చేశారు, గెత్సేమనే నుంచి మొదలవుతుంది, అది వాడుకోండి. భక్తి క్రియ అన్నాక ఆ వెసులుబాటు ఉంటుంది.

విగ్రహాలకి ముసుగులు. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సుకాలంలో ఐదో ఆదివారం నుంచి కప్పొచ్చు. ఒకప్పుడు తప్పనిసరి, ఇప్పుడు ఆయా దేశాల బిషప్పుల నిర్ణయాన్ని బట్టి, అందుకే ఒక గుళ్ళో కనిపిస్తాయి, పక్కూరి గుళ్ళో కనపడవు. పాత పద్ధతిలో ఆ ఆదివారం చదివే సువార్త యోహాను 8వ అధ్యాయం, చివర్లో యేసు దాక్కుని దేవాలయంలోంచి బయటికెళ్ళిపోయాడని ఉంటుంది, కప్పడానికి పెద్దలు చెప్పే కారణం అదే. సిలువల ముసుగు గుడ్‌ఫ్రైడే ఆరాధనతో పోతుంది, మిగతా విగ్రహాలవి శనివారం రాత్రి జాగరణ మొదలయ్యే లోపు తీసేస్తారు. సిలువ మార్గం పటాలకి మాత్రం కప్పకూడదు, ఉత్సాహవంతులైన కుర్రాళ్ళు నిచ్చెనేసుకుని అవి కూడా కప్పేస్తుంటారు, నేను వెనకాలే తిరిగి విప్పించుకుంటూ ఉంటా. గుడ్డ సంగతి కూడా చెప్తా, సిల్కులాంటిది కొంటే మరియమాత భుజం మీంచి జారిపోతుంది, ముతక కాటన్ అయితే నిలబడుతుంది, పిన్నీసు వెనకవైపు పెట్టాలి, కిరీటం ఉన్న విగ్రహానికి ముందు కిరీటం తీసి పక్కన పెట్టుకోవాలి, లేకపోతే గుడ్డ చిరుగుతుంది.

మీ అసలు ప్రశ్న గుడ్‌ఫ్రైడే గురించి, కానీ గురువారం అర్థం కాకుండా శుక్రవారం అర్థం కాదు. ఎందుకంటే గురువారం సాయంత్రం పూజ, శుక్రవారం మధ్యాహ్నం ఆరాధన, శనివారం రాత్రి జాగరణ, ఇవి మూడు వేర్వేరు కార్యక్రమాలు కావు, ఒకటే. గురువారం పూజ మొదట్లో పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అని సిలువ గుర్తు వేసుకుంటాం కదా, ఆ పూజ చివర్లో మామూలుగా ఉండే ఆశీర్వాదం, "వెళ్ళిరండి" అనే మాట ఉండవు. శుక్రవారం ఫాదర్‌గారు వచ్చినప్పుడు సిలువ గుర్తు లేదు, "ప్రభువు మీతో ఉండునుగాక" లేదు, చివర్లో వెళ్ళిరండి కూడా లేదు. ఆ మాట వినపడేది శనివారం రాత్రి జాగరణ అయ్యాకే. కాబట్టి ఫాదర్‌గారు మాట్లాడకుండా రావడం డ్రామా కోసం కాదు, నిన్న సాయంత్రం మొదలైన ప్రార్థన ఇంకా నడుస్తూనే ఉంది, మళ్ళీ కొత్తగా పలకరింపులేంటి అని.

గురువారం ఇంకో రెండు మూడు గమనించండి. తపస్సుకాలం ఆదివారాల్లో పాడని గ్లోరియా (దేవునికి మహిమ అనే స్తుతిగీతం) ఆరోజు పాడతాం, పాడుతున్నంతసేపు గంటలు మోగుతూనే ఉంటాయి, అయిపోగానే ఆగిపోతాయి. మళ్ళీ శనివారం రాత్రి గ్లోరియా దాకా గంట ముట్టుకోం. ఆ మధ్యలో గంట బదులు చెక్కతో చేసిన చప్పుడు వాడతారు, మా గుళ్ళో ఉన్నది పిడి పట్టుకుని తిప్పితే టకటకమంటుంది, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. ఆ రెండ్రోజులు వాయిద్యాలు కూడా పాటకి శ్రుతి అందించేంతవరకే ఉండాలి. క్వాయర్ కుర్రాళ్ళు కీబోర్డులో ప్యాడ్స్, రిథమ్ పెట్టి శుక్రవారం పాటల్ని కూడా క్రిస్మస్ లెవెల్లో వాయిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది, చెప్తే "అంకుల్ పాతకాలం మనిషి" అంటారు, అనుకోనివ్వండి.

కాళ్ళు కడగడం మీకు తెలిసిందే. ఒకప్పుడు మగవాళ్ళకే కడిగేవాళ్ళు, 2016లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆడవాళ్ళని కూడా కూర్చోబెట్టొచ్చని రూలు మార్పించారు, కాబట్టి మీ అత్తగారికి పిలుపొస్తే వద్దనకుండా వెళ్ళమనండి. పూజయ్యాక శుక్రవారానికి సరిపడా సత్ప్రసాదాన్ని ఊరేగింపుగా పక్క పీఠానికి తీసుకెళ్ళి పెడతారు, అక్కడ అర్ధరాత్రి దాకా వాడల వారీగా, గంటకొక గుంపు చొప్పున ఆరాధన. ఈ పీఠాన్ని చాలా ఊళ్ళల్లో సమాధిలాగా, గుహలాగా థర్మాకోల్‌తో అలంకరిస్తారు, అది తప్పు. రోము 1988లో పాస్కా (ఈస్టర్) ఉత్సవాల మీద ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా ఉంది, అది సమాధికి గుర్తు కాదు, శుక్రవారం పంచే సత్ప్రసాదాన్ని భద్రపరిచే చోటు మాత్రమే, మూసిన పేటికలోనే పెట్టాలి, పైకి కనపడేట్టు పెట్టకూడదు అని. ఆ రాత్రి వెళ్తే ఒకసారి ఆకాశం కూడా చూడండి, పున్నమికి అటూఇటూగా ఉంటుంది చంద్రుడు. ఈస్టర్ లెక్కే అది, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటిన ఆదివారం, అందుకే మార్చి 22కి ఏప్రిల్ 25కి మధ్య ఎటైనా జరుగుతుంది.

జనం ఆ హడావిడిలో ఉండగా పెద్ద బలిపీఠం మీద గుడ్డలు, కొవ్వొత్తులు, పూలు, అన్నీ తీసేస్తాం. మామూలు రోజుల్లో సత్ప్రసాదం ఉంచే మందసం తలుపు తెరిచి ఖాళీగా వదిలేస్తాం, దాని పక్కనుండే ఎర్ర దీపం ఆర్పేస్తాం. మీరు శుక్రవారం వెళ్ళేసరికి గుడి బోసిగా కనపడింది అందుకే. అప్పుడు మందసానికి మోకాలు వంచక్కర్లేదు, అక్కడ ఏమీ లేదు. మా వాళ్ళే అలవాటు కొద్దీ వంచేస్తుంటారు.

ఇక శుక్రవారం. ఆరోజు లోకంలో ఎక్కడా పూజ ఉండదు, బిషప్‌గారైనా పోపుగారైనా చెప్పరు. మీ అత్తగారు అన్నది కరెక్టే. అయినా సత్ప్రసాదం పంచారంటే అవి గురువారం పూజలో ప్రతిష్ఠించిన అప్పాలు. ఇది కూడా ఎప్పుడూ ఇట్లా లేదు. 1955లో 12వ పియూస్ పోపుగారు పవిత్ర వారం మొత్తాన్ని సంస్కరించే దాకా శుక్రవారం ఫాదర్‌గారు ఒక్కరే తీసుకునేవారు, జనానికి ఇచ్చేవాళ్ళు కాదు. ఫాదర్‌గారు వేసుకునే ఎర్ర వస్త్రాలు కూడా 1970 పూజాగ్రంథంతో వచ్చినవే, అంతకుముందు నలుపు.

బోర్లా పడుకోవడం. ఎర్ర వస్త్రాలతో నడిచొచ్చి, బోసిగా ఉన్న పీఠం ముందు సాష్టాంగపడి కాసేపు మౌనంగా ప్రార్థిస్తారు, గుళ్ళో మిగతావాళ్ళంతా మోకాళ్ళ మీద ఉంటారు. గురుపట్టాభిషేకం నాడు పట్టం పుచ్చుకునేవాళ్ళు కూడా ఇట్లాగే పడుకుంటారు. తర్వాత లేచి నేరుగా ఒక ప్రార్థన చెప్పేస్తారు, "ప్రార్థింతము" అని కూడా అనరు. అప్పుడు యెషయా 52, 53 అధ్యాయాల్లోంచి బాధలుపడే సేవకుడి పఠనం, హెబ్రీ పత్రిక, ఆపైన యోహాను రాసిన శ్రమల సువార్త పూర్తిగా. దీన్ని ముగ్గురు కలిసి చదువుతారు, కథ చెప్పేవాళ్ళొకరు, మిగతా పాత్రలు ఒకరు, క్రీస్తు మాటలు మాత్రం వీలైతే ఫాదర్‌గారే. "ప్రాణము విడిచెను" అన్న దగ్గర అందరం మోకాళ్ళూని ఆగుతాం. ఆగడమంటే ఆగడమే, మైక్ ముందున్న మనిషి ఊరికే గొంతు సవరించుకుని తర్వాతి వాక్యంలోకి దూకకూడదు, గుళ్ళో పఠనాలు చదివేవాళ్ళకి నేను ఏటా చెప్పే మాట ఇదొక్కటే. ఏడు మాటలు లేవని మీకు వెలితిగా అనిపించింది కదా, నిజానికి ఆ ఏడింట్లో మూడు ఈ యోహాను శ్రమల్లోనే ఉన్నాయి, "ఇదిగో నీ తల్లి", "దాహమగుచున్నది", "సమాప్తమైనది". అవి మీరు విన్నారు, ప్రసంగం తగిలించలేదంతే.

తర్వాత పది పెద్ద విన్నపాలు. సంఘం కోసం, పోపుగారి కోసం, గురువులు విశ్వాసులందరి కోసం, జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవాళ్ళ కోసం, క్రైస్తవుల ఐక్యత కోసం, యూదుల కోసం, క్రీస్తుని నమ్మనివాళ్ళ కోసం, దేవుణ్ణే నమ్మనివాళ్ళ కోసం, పాలకుల కోసం, కష్టాల్లో ఉన్నవాళ్ళ కోసం. ఒక్కోదానికి ముందు ఎవరికోసమో చెప్పి, మౌనం, తర్వాత ప్రార్థన. ఐదోది చూశారా, మీ కోసం మీ పుట్టింటివాళ్ళ కోసం మేం చేసేదే అది, మీరు పక్కనే కూర్చుని విన్నారు! యూదుల కోసం చేసేదానికి పెద్ద చరిత్రే ఉంది, పాత లాటిన్‌లో వాళ్ళని విశ్వాసం లేనివాళ్ళనే అర్థంలో ఒక ముక్క ఉండేది, 1959లో 23వ జాన్ పోపుగారు దాన్ని తీయించేశారు.

సిలువ ముద్దు దగ్గరే మీకు ఎక్కువ ఇబ్బందైంది కాబట్టి కాస్త వివరంగా చెప్తా. సిలువని ఊదారంగు గుడ్డలో తీసుకొచ్చి మూడు విడతల్లో విప్పుతారు, ప్రతిసారీ ఇదిగో సిలువ మ్రాను, లోక రక్షణ దీని మీదే వేలాడింది అని పాడతారు, జనం రండి ఆరాధింతము అని జవాబు పాడి మోకాళ్ళూనుతారు. ఆ తర్వాత ఒక్కొక్కరుగా వచ్చి మోకాలు వంచుతారో, ముద్దు పెడతారో, తాకి కళ్ళకద్దుకుంటారో, అది వాళ్ళ వాళ్ళ ఇష్టం. చెక్కకి మొక్కుతున్నారా అని మీ అన్నయ్య అడిగాడన్నారు. చెక్కకి కాదు, దాని మీద వేలాడినవాడికి. అంతకుమించి నేను వాదించను, మీ నాన్నగారు పోయిన తాతగారి ఫొటోని తుడిచి ఎట్లా తగిలిస్తారో అట్లాంటిదే అనుకోమనండి. రూలు ప్రకారం ఒకే ఒక్క సిలువ పెట్టాలి. జనం మరీ ఎక్కువైతే కొంతమంది వచ్చాక ఫాదర్‌గారు సిలువని పైకెత్తి పట్టుకుంటే అందరూ ఉన్నచోటే ఆరాధించాలి. మా దగ్గర మాత్రం నాలుగైదు సిలువలు పెట్టి నాలుగైదు లైన్లు చేసేస్తారు, తొందరగా అవుతుందని, నాకైతే నచ్చదు, ఒక్క సిలువ దగ్గరికి ఊరంతా రావడంలోనే ఉంది విషయం. ప్రతి ఒక్కరి తర్వాత గుడ్డతో తుడిచేందుకు ఒక పిల్లాణ్ణి పెడతాం, ఆ గుడ్డ మధ్యలో మార్చడానికి ఇంకోటి సాక్రిస్టీలో రెడీగా ఉండాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు ముద్దు పెట్టడం ఆరాధన జరిపించే గురువుకి మాత్రమే అని రోము ఆర్డరేసింది, అప్పట్నించీ చాలామంది తలవంచి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు, కాబట్టి మీరు ముద్దు పెట్టకుండా తలవంచి వచ్చేసినా ఎవరూ వింతగా చూడరు. అసలు లేవకపోయినా పర్లేదు.

ఆ క్షణం నుంచి శనివారం జాగరణ దాకా సిలువ ముందు నుంచి వెళ్ళేటప్పుడు మోకాలు వంచుతాం. ఏడాదిలో సిలువకి అట్లా చేసేది అప్పుడొక్కసారే, అందుకే ఆ శుక్రవారం సాయంత్రం ముసలివాళ్ళు మందసం వైపు చూడకుండా సిలువకే వంగుతుంటారు. ఆరోజు పట్టే చందా జెరూసలేం పుణ్యక్షేత్రాలకి వెళ్తుంది, ఇది కూడా ప్రపంచమంతా ఒకటే.

పైన అన్నా కదా, మా ఊళ్ళల్లో వాస్తవం తలకిందులని. శుక్రవారం పొద్దున్నే మైకుల్లో సిలువ మార్గం, వీధులన్నీ తిరుగుతూ, కుర్రాళ్ళు రోమన్ సైనికుల వేషాలు, యేసు వేషం కట్టినవాడి మీద ఎర్రరంగు, కొరడాలు, ఒక్కోచోట కొండెక్కి మరీ, ఎండలో మూడు నాలుగు గంటలు. భక్తి తక్కువని నేననను, అందులో ఏడ్చినవాళ్ళని చూశా. కానీ అది అయ్యేసరికి జనం అలిసిపోయి మధ్యాహ్నం మూడింటి ఆరాధనకి సగం మంది రారు, వచ్చినవాళ్ళు కునుకుతారు, ఫాదర్‌గారు గొంతు పోయి శ్రమల సువార్త మూడో గేర్లో లాగించేస్తారు. నన్నడిగితే సిలువ మార్గం తపస్సుకాలం ప్రతి శుక్రవారం ఎలాగూ చేస్తాం కాబట్టి ఆరోజు చిన్నగా, పొద్దున చల్లపూటే ముగించి, మూడింటికి గుడి నిండేలా చూడాలి. ఆ రోజుకున్న బలమంతా తీసేసినవాటిలోనే ఉంది, గంట లేదు, దీపం లేదు, గుడ్డ లేదు, పూజ లేదు. అంత కష్టపడి ఖాళీ చేసి, ఆ ఖాళీని మళ్ళీ లౌడ్‌స్పీకర్లతో నింపితే ఏం లాభం?

శనివారం పగలు ఏమీ ఉండదు. గుడి కడగడం, కొవ్వొత్తులకి పేపర్ కప్పులు గుచ్చడం, పవిత్ర జలం తొట్లు తుడిచి ఆరబెట్టడం, అంతే. ఈ తొట్ల మీద కూడా ఏటా గొడవే, కొన్ని గుళ్ళల్లో తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచే ఖాళీ చేసి ఇసుక పోసేస్తారు, అది పద్ధతి కాదు, ఈ రెండు మూడు రోజులు మాత్రమే ఖాళీ చెయ్యాలి, ఎందుకంటే శనివారం రాత్రి కొత్త నీళ్ళు ఆశీర్వదిస్తారు.

ఇప్పుడు జాగరణ. అమ్మా, మీరు ఈ వారంలో ఒక్కదానికే వెళ్ళగలిగితే దీనికే వెళ్ళండి, గుడ్‌ఫ్రైడే మానేసైనా సరే. చాలామంది కాథలిక్కులు కూడా దీన్ని "నైట్ పూజ, చాలా లెంగ్తీ" అని తప్పించుకుని ఆదివారం పొద్దున పూజతో సరిపెట్టేస్తారు, పిల్లల కొత్త బట్టలు ఫొటోలకి పగలైతే బాగుంటాయి కదా. కానీ ఏడాది మొత్తంలో కాథలిక్కుల అతిపెద్ద ఆరాధన ఇదే, క్రిస్మస్ రాత్రి పూజ కూడా దీని తర్వాతే. చీకటి పడ్డాక మొదలవ్వాలి, తెల్లారకముందే ముగియాలి. వినడానికి ఇందులో విశేషమేముంది అనిపిస్తుంది గానీ, 1951కి ముందు దీన్ని శనివారం పొద్దున చేసేవాళ్ళు! మధ్యాహ్నం దాటాక పూజ చెప్పకూడదనే పాత నియమం వల్ల జాగరణ శతాబ్దాల పాటు ముందుకు జరుగుతూ జరుగుతూ శనివారం ఉదయానికి చేరింది. కిటికీల్లోంచి ఎండ పడుతుంటే ఫాదర్‌గారు "ఈ రాత్రియే" అని లాటిన్‌లో పాడేవారు, జనం పెద్దగా ఉండేవాళ్ళు కాదు. 12వ పియూస్ పోపుగారు 1951లో ముందు ప్రయోగంగా రాత్రికి మార్చారు, 1956 నుంచి అందరికీ అదే రూలైంది. పాత పద్ధతే గొప్ప, అన్నీ మార్చి పాడుచేశారు అనేవాళ్ళు మాలోనూ ఉన్నారు, లాటిన్ పూజ మీద నాకు ప్రేమ ఉంది గానీ ఈ ఒక్క విషయంలో వాళ్ళతో ఒప్పుకోను.

గుడి బయట నిప్పు రాజేస్తారు, ఎండు మట్టలు, కొబ్బరి పీచు, కాస్త కిరోసిన్. అక్కడ పాస్కా కొవ్వొత్తి మీద సిలువ, పైన ఆల్ఫా, కింద ఒమేగా, నాలుగు మూలల్లో ఆ సంవత్సరం అంకెలు గీస్తారు, ఐదు సాంబ్రాణి పలుకులు గుచ్చుతారు, క్రీస్తు ఐదు గాయాలకి గుర్తు. ఈ కొవ్వొత్తి ఏటా కొత్తది ఉండాలి, నిజమైన మైనం ఉండాలి, ప్లాస్టిక్ గొట్టంలో నూనె పోసి వెలిగించేవి వాడకూడదు, అయినా అంకెల స్టిక్కర్ మార్చి పోయినేడాదిదే వాడేసే గుళ్ళు నాకు తెలుసు. దాన్ని పట్టుకుని చీకటి గుళ్ళోకి నడుస్తూ మూడుచోట్ల ఆగి "క్రీస్తు జ్యోతి" అని పాడతారు, దాని నుంచి జనం కొవ్వొత్తులు ఒకరి నుంచి ఒకరికి అంటించుకుంటారు. వెలుగుతున్నదాన్ని నిలువుగా పట్టుకోవాలి, వెలగనిదాన్ని వంచాలి, ఇది తెలియక ప్రతి ఏడాది ఒకరి చీర మీద మైనం పడుతుంది.

అప్పుడు పాస్కా ప్రకటన. చాలా పొడుగు పాట, దాని లాటిన్ మూలంలో కొవ్వొత్తికి మైనం ఇచ్చిన తేనెటీగకి కూడా చోటుంది, నాకు అందులో ఇష్టమైన చోటు అదే. తర్వాత పాత నిబంధన పఠనాలు ఏడు: ఆదికాండంలో సృష్టి, అబ్రహాము బలి, నిర్గమకాండంలో ఎర్ర సముద్రం దాటడం, యెషయావి రెండు, బారూకు, యెహెజ్కేలు. తగ్గించుకోవచ్చు, కానీ మూడుకి తగ్గకూడదు, ఎర్ర సముద్రం పఠనం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వదలకూడదు. బారూకు మీ బైబిల్లో దొరకదు, వెతుక్కోకండి. అవి అయ్యాక గ్లోరియా, గురువారం నుంచి మూగబోయిన గంటలన్నీ ఒక్కసారిగా, పీఠం మీద కొవ్వొత్తులు, ముసుగులు తీసిన విగ్రహాలు, నలభై రోజులు నోట్లోకి రానివ్వని అల్లెలూయా. తర్వాత పునీతుల ప్రార్థనమాల, నీటి ఆశీర్వాదం, జ్ఞానస్నానాలు, మనందరి జ్ఞానస్నాన వాగ్దానాల నూతనీకరణ, చివరికి పూజ. రెండున్నర గంటలు అటూఇటూ. పిల్లలుంటే పక్క వరుసలో కూర్చోండి, బయటికి తీసుకెళ్ళడానికి వీలుగా.

మీరేం చెయ్యాలంటే, నిలబడినప్పుడు నిలబడండి, మోకాళ్ళూనినప్పుడు మీకు ఇష్టమైతే ఊనండి, పాటలు పాడండి, సగం మీకు తెలిసినవే ఉంటాయి. సత్ప్రసాదం లైన్లోకి మాత్రం వెళ్ళకండి. మీ దగ్గర ప్రభువుబల్లలో బాప్తిస్మం అయిన అందరికీ ఇస్తారేమో, ఇక్కడ కాథలిక్ సంఘంలో చేరినవాళ్ళకే, అది మిమ్మల్ని తక్కువ చూడటం కాదు, మీ అత్తగారికి ముందే చెప్పుకుంటే పక్కన కూర్చుని తోసెయ్యకుండా ఉంటారు.

ఉపవాసం గురించి అడిగారు. విభూది బుధవారం, గుడ్‌ఫ్రైడే, ఈ రెండు రోజులే తప్పనిసరి. 18 ఏళ్ళు నిండినవాళ్ళ నుంచి 59 నిండేదాకా, ఒకపూట కడుపునిండా భోజనం, కావాలంటే ఇంకో రెండుసార్లు కొద్దికొద్దిగా. మాంసం మానడం 14 నిండినవాళ్ళందరికీ. చేప, గుడ్డు, పాలు మాంసం కిందకి రావు, కాబట్టి చేపల పులుసు పెట్టుకుంటే చట్టం మిమ్మల్ని ఆపదు, కొర్రమీను పులుసుతో తపస్సు చేశానని చెప్పుకోడానికి మొహం ఎట్లా వస్తుందనేది వేరే సంగతి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగర్ ఉన్నవాళ్ళు అసలు పెట్టుకోవక్కర్లేదు.

చివర్లో "చేరాలంటే మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా" అని మెల్లిగా అడిగారు. అక్కర్లేదు. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చినదైతే అది బాప్తిస్మమే, మునిగినా పోసినా ఒకటే, మళ్ళీ ఇవ్వడం తప్పు. విశ్వాస ప్రమాణం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), మొదటి సత్ప్రసాదం, అంతే. "యేసు నామంలో" అని మాత్రమే ఇచ్చే సంఘాల్లో తీసుకున్నదైతే అది చెల్లదు, అందుకని మీ పాస్టర్‌గారి దగ్గర సర్టిఫికెట్‌తో పాటు ఏ మాటలతో ఇచ్చారో కూడా రాయించుకోండి. అది తీసుకెళ్ళి మీ విచారణ గురువుని క్రిస్మస్ అయ్యాక జనవరిలోనే కలవండి. తపస్సుకాలం మొదలయ్యాక అడిగితే ఆయనకి పాపసంకీర్తనాలు (జనం పాపాలు ఒప్పుకోవడం) వినడానికే టైం చాలదు, ఇక మిమ్మల్ని వచ్చే ఏడాదికి రమ్మంటారు.